ఉడుమును చంపినవాడు

కొత్త సినిమా ఎలా ఉందో తెలియాలంటే టికెట్టు కొననక్కరలేదు, రత్నస్వామి మాట వింటే చాలు అనేవాళ్ళు తిరువళ్ళూరులో. మరీ పాతకాలం మాటేమీ కాదు, మొన్నమొన్నటి దాకా ఇదే మాట.

శుక్రవారం సాయంత్రం మొదటి ఆట వదిలే వేళకు బస్టాండు వెనక థియేటరు గేటు దగ్గర యూట్యూబు ఛానళ్ళ వాళ్ళు మైకులు పట్టుకుని కాచుకుని ఉంటారు. బయటికొచ్చే ప్రతివాడి మూతి ముందూ మైకు పెట్టి "పడం ఎప్పడి ఇరుక్కు?" అని, సినిమా ఎలా ఉందని అడగడం వాళ్ళ పని. చాలామంది సిగ్గుపడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని జారుకుంటారు. కుర్రకారు "సూపర్" అని ఒక్క అరుపు అరిచి పరిగెత్తుతుంది. రత్నస్వామి అలాంటి బాపతు కాదు. కాలరు సర్దుకుని, మైకును తానే కాస్త దగ్గరికి లాక్కుని, ఫస్టు హాఫు ఎక్కడ సాగిందో, సెకండు హాఫు ఎక్కడ లేచిందో, పాటలు ఎందుకు దండగో తీరుబడిగా, చక్కటి తమిళంలో చెప్పేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మైకు ముందు తమిళం తప్ప రానిచ్చేవాడు కాదు.

అతనికి ఆవడి దగ్గర ఒక కంపెనీ స్టోర్సులో పని. బోల్టులు అట్టపెట్టెల్లో సర్ది లేబుళ్ళు అంటించాలి. అక్కడ సూపర్‌వైజరు అతన్ని ఏమయ్యోవ్ అన్నట్టు "యోవ్" అని పిలుస్తాడు. అన్నేళ్ళుగా పనిచేస్తున్నా అతని పేరు ఆ మనిషికి తెలుసో లేదో అనుమానమే. గేటు దగ్గర మాత్రం "రత్నం అన్నా, ఇటు చూడన్నా" అని నాలుగు వైపుల నుంచీ పిలిచేవాళ్ళు. వారమంతా యోవ్‌గా బతకడానికి కావలసిన బలం అతనికి ఆ శుక్రవారం పూటే దొరికేది.

అయితే అతని విద్యలో ఒక కిటుకు ఉంది. మైకు ముందుకు మొదట వచ్చినవాడి మాటే వీడియోలో నిలుస్తుంది. గుంపులో వెనకపడితే ఇక అంతే. అందుకని రత్నస్వామి క్లైమాక్సు మొదలవగానే సీట్లోంచి లేచేవాడు. తెర మీద హీరో విలన్ కాలరు పట్టుకునేసరికి ఇతను చీకట్లో చెప్పులు తడుముకునేవాడు. చల్లగా బయటికొచ్చి, బైకుల స్టాండు పక్కన నక్కి, తలుపులు తెరుచుకున్న చప్పుడు వినగానే గుంపుకు ముందు నడిచేవాడు. అలా ఏళ్ళ తరబడి అతను ఏ సినిమా ముగింపూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. హీరో గెలుస్తాడు, విలన్ చస్తాడు, తల్లి కళ్ళు తుడుచుకుంటుంది. చూడకుండానే చెప్పేవాడు, ఒక్కసారీ తప్పు పోలేదు.

ఆ జపాన్ సినిమా వచ్చేదాకా.

పోస్టరు మీద తమిళంలో ఏదో భయంకరమైన పేరు వేశారు గానీ ఊళ్ళో అందరూ దాన్ని ఉడుము సినిమా అనే అన్నారు. సముద్రంలోంచి కొండంత ఉడుము ఒకటి లేచివచ్చి రైళ్ళనూ మేడలనూ తొక్కేస్తూ పోతుంది. ఎప్పుడూ తోడు వచ్చే స్నేహితుడు ఎలుమలై ఆ రోజు రాలేకపోయాడు. చేతిలో ఉన్న రెండో టికెట్టు వృథా చేయడం ఇష్టంలేక రత్నస్వామి భార్యను బయల్దేరదీశాడు. అలిమేలు సినిమాకు రావడమే అరుదు. ఆమెది తిరుత్తణి. తల్లి వజ్రమ్మకు అక్కడ గుడి కొండ కింద పూల అంగడి ఉంది. ఇక్కడ అలిమేలు కూడా ఇంట్లో పూలు కట్టి వీధిలో నాలుగిళ్ళకు ఇస్తుంది.

ఉడుము ఓడరేవులోకి వచ్చి, ఓడలు చిత్తవుతుండగా రత్నస్వామి అలవాటు ప్రకారం లేచాడు.

"యాడికి మామా? ఇంకా అయిపోలేదు గదా!" అంది అలిమేలు తెర మీంచి చూపు తిప్పకుండా.

"అంతా తెలిసిందేలే. నేను గేటు కాడ ఉంటా. నువ్వు సూసుకొని నిదానంగా రా."

తలుపులు తెరుచుకోగానే మైకు ముందు మొదట నిలబడింది ఎప్పటిలాగే అతనే. మైకు పట్టుకున్నది సోఫియా. ఆవడి పిల్ల. అతన్ని మొదట్నుంచీ అన్నా అని పిలిచేది, మంచి చోట నిలబెట్టేది. గ్రాఫిక్సు అదిరిందన్నాడు. సౌండుకు సీటు వణికిందన్నాడు. "చివర్లో ఆ ఉడుమును మిసైళ్ళతో కొట్టి చంపుతారు చూడండి, ఆ సీనుకు నా ఒళ్ళు పులకరించింది. పిల్లాజెల్లాతో వచ్చి చూడండి" అని తమిళంలో ముగించాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తన మాట నచ్చి నవ్వారనుకున్నాడు.

కాసేపటికి అలిమేలు వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆమె ఎవరి భార్యో సోఫియాకు తెలియదు. ఏడుస్తున్న ప్రేక్షకురాలు దొరకడమే మహాభాగ్యం అనుకుని మైకు పెట్టింది. అలిమేలు కెమెరా వైపు కూడా చూడలేదు. పక్కింటి మనిషితో చెప్పినట్టు తెలుగులో చెప్పేసింది.

"దాన్ని సంపలేదమ్మా. సంపకుండా ఇడిసిపెట్టినారు, బలే పని చేసినారు. పాపం, పిల్లను పోగొట్టుకొని కోపంగా వచ్చింది అది. అంత కోపం ఉండేదాన్ని కొడితే ఇంకా కోపమే గదా వచ్చేది? కడాకు ఆ ఊరి ముసిలోళ్ళు వచ్చి తుపాకులు ఆపించి సముద్రంలోకి చామంతులు ఇడిసినారు. మా అమ్మ అంగట్లో ఉంటాయే, ఆ చామంతులే! అవి సూసి అది తల దించుకొని నీళ్ళలో పణుకుండిపోయింది. మా తిరుత్తణిలో గూడా ఇంతే గదా. షష్ఠికి సామి ఉండే అన్ని కొండల మీదా సూరుడనే రాక్షసుణ్ణి సంపేది చేస్తారు, మా కొండ మీద చెయ్యరు. సామి కోపం తీరినది మా ఊర్లో. అందుకని మేము పూలే పోస్తాము. ఈ సంగతి ఆ జపానోళ్ళకు ఎవురు చెప్పినారో ఏమో!"

"ఎవరితో వచ్చినారక్కా?" అని అడిగింది సోఫియా, ఆమె తెలుగు విని తనూ తెలుగులోకి దిగి.

"మా ఆయనతో. అదో, ఆడ ఉండాడు సూడు, తెల్ల చొక్కా."

కెమెరా తెల్ల చొక్కా వైపు తిరిగింది. రత్నస్వామి చెయ్యి ఊపాడు. ఏమి జరిగిందో అతనికి ఇంకా తెలియదు.

ఆదివారానికి తెలిసింది. సోఫియా ఛానలు వాళ్ళు రెండు ముక్కలూ కలిపి అతికించారు. ముందు అతను "చంపుతారు చూడండి" అంటాడు. వెంటనే ఆమె "దాన్ని సంపలేదమ్మా" అంటుంది. కింద తమిళంలో అక్షరాలు. చివర్లో తెల్ల చొక్కా చుట్టూ ఎర్రటి సున్నా. తిరువళ్ళూరు నుంచి అరక్కోణం దాకా అది చూడని ఫోను లేదు.

సోమవారం ఆవడి లోకల్ రైలు ఎక్కగానే నటరాజు కేక పెట్టాడు. అదే కంపెనీలో పనిచేస్తాడు, రోజూ ఒకే పెట్టెలో పోతారు. "ఏమప్పా రత్నం, ఆ ఉడుమును నువ్వే సంపేసినావంటనే!"

పెట్టెంతా గొల్లుమంది. రత్నస్వామి కూడా నవ్వాడు. అక్కడితో పోయినా బాగుండేది. పరాచికం నాలుగు రోజులు ఉంటుంది, పోతుంది. తట్టుకోలేనిది ఆ తరవాత నటరాజు అన్న మాట.

"అక్క మాత్రం ఏమి చెప్పిందప్పా! మా అమ్మ ఆ వీడియో సూసి ఏడ్చేసింది. మళ్ళా పెట్టు, మళ్ళా పెట్టు అంటా ఉండాది."

రత్నస్వామి కిటికీ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళుగా ఇన్ని సినిమాలకు చెప్పాడు. ఎవరి అమ్మా ఏడవలేదు. ఎవరూ మళ్ళా పెట్టమనలేదు. కంపెనీ గేటు దగ్గర కావలివాడు అడిగింది ఆమె సంగతే. కాంటీన్‌లో సాంబారు పోసేవాడు అడిగిందీ ఆమె సంగతే. మధ్యాహ్నం సూపర్‌వైజరు స్టోర్సులోకి వచ్చి, ఎప్పుడూ లేనిది భుజం తట్టి, "రత్నస్వామీ, అది నీ వైఫా? బాగా మాట్లాడింది, చెప్పు" అన్నాడు. పేరు తెలుసన్నమాట. ఇన్నాళ్ళకు ఆ నోటి నుంచి తన పేరు వచ్చిందన్న సంతోషం కూడా అతనికి దక్కలేదు. ఆ పేరు ఆమె కోసం వచ్చింది.

ఒక్కసారి, ఒక్క సినిమాకు, ఏడుస్తూ వచ్చి నాలుగు ముక్కలు వాగితే ఇంత పేరా! అదీ తెలుగులో! ముక్కు చీదుకుంటూ! అతను రైల్లో తిరిగొస్తూ దారి పొడుగునా ఇదే నమిలాడు. పరాయివాడెవడైనా గేటు దగ్గర తనను దాటిపోతే బహుశా ఇంత మండేది కాదు. ఇంట్లో తన కంచంలో అన్నం పెట్టే మనిషి దాటిపోయింది. పైగా తాను దాటిపోయానని ఆమెకు తెలియనైనా తెలియదు. అలిమేలు దగ్గరున్నది బటన్ ఫోను. ఊరంతా చూస్తున్న తన మొహాన్ని చూడనిది ఆమె ఒక్కతే.

"పక్కింటి బేబి ఏదో అంటా ఉండాది మామా, నా మాటలు ఫోన్లో వచ్చినాయంట. ఏం రాసినారు జనాలు?" అని అడిగింది ఆ సాయంత్రం, పూలు కడుతూ.

రత్నస్వామి ఫోను తీశాడు. వీడియో కింద వందల్లో ఉన్నాయి. అక్కకు దండం అని కొందరు, మా అవ్వ మాట విన్నట్టుందని కొందరు. వేలు వాటి మీంచి జారిపోయింది. జారిపోయి, వెతికి వెతికి, కావలసినవి పట్టుకుంది.

"ఏ భాషలో వాగుతోంది ఈమె, అని ఒకడు. ముందు ముక్కు తుడుచుకోమ్మా, అని ఇంకొకడు. ఇట్లాంటోళ్ళకు సినిమా ఎందుకు, అని ఇంకొకడు." గొంతులో ఏ తడబాటూ లేకుండా చదివాడు.

అలిమేలు వేళ్ళు దారం మీద ఆగిపోయాయి. "అంత నవ్వుతా ఉండారా?"

"నవ్వక? మైకు కాడ మాట్లాడేదంటే ఊరికేనా? దానికి ఒక పద్ధతి ఉండాది."

ఆ వారంలోనే సోఫియా ఫోను చేసింది. ఆమె దగ్గరున్నది అతని నంబరొక్కటే. "అన్నా, అక్కతో మాట్లాడాల. షష్ఠి దినం తిరుత్తణిలో అక్కతో వీడియో చేద్దామని ఉండాము. ఆ పూల సంగతి అక్కే చెప్పల్ల. తర్వాత ప్రతి శుక్రవారం గేటు కాడ గూడా అక్కనే నిలబెడితే బాగుంటాదని మావోళ్ళు అంటా ఉండారు."

"ఆమెకు జ్వరం" అన్నాడు రత్నస్వామి.

"షష్ఠికి ఇంకా శానా దినాలు ఉండాది గదన్నా, తగ్గిపోతాది."

"ఇది అట్లా తగ్గే జ్వరం కాదులే." కొంచెం ఆగి, సిగ్గు చంపుకుని అడిగాడు. "మరి నేను సోఫియా?"

"మీరు ఎప్పుడూ ఉండేదే గదన్నా" అందా పిల్ల. పాపం, మంచిగానే అంది.

ఫోను పెట్టేసేసరికి అలిమేలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరని అడిగింది.

"ఆ మైకు పిల్లే. నీ మాటల వల్ల వాళ్ళ ఛానల్ పేరు చెడిపోయిందంట. ఇంక నిన్ను గేటు పక్కకు రానీయొద్దనింది."

అబద్ధం అంత నున్నగా ఎలా జారిందో అతనికే తెలియదు. అలిమేలు తల ఊపింది. "నాకేమి తెలుసు మామా, అడిగింది కదా అని చెప్పినా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆమె మాట తగ్గింది. బేబితో ఎప్పుడూ తెలుగే మాట్లాడేది, ఇప్పుడు వీధిలో తమిళం తప్ప ఎత్తడం మానేసింది. పూలు ఇవ్వడానికి పోయి మారు మాట లేకుండా తిరిగొచ్చేది. రత్నస్వామి ఇదంతా చూశాడు. లోపల చురుక్కుమంది కూడా. అయినా ఆ చురుకు కన్నా హాయి ఎక్కువగా ఉందని ఒప్పుకోవాలి. ఇక గేటు తనది.

గేటు అతనిది కాలేదు. తరవాతి శుక్రవారం కాలరు సర్దుకుని మైకు ముందుకు రాగానే వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. "అన్నా, క్లైమాక్స్ సూసినావా?" "ఈసారి ఎవురిని సంపినావన్నా?" అతను ఎత్తుకున్న మాట ఆ కేకల్లో మునిగిపోయింది. సోఫియా జాలిపడి మైకు పక్కవాడి వైపు తిప్పింది. ఆ జాలిని కూడా అతను అలిమేలు ఖాతాలోనే వేశాడు. ఇదంతా దానివల్లే. నోరు మూసుకుని ఇంటికొచ్చి ఉంటే ఏమి పోయేది దానికి?

షష్ఠి వచ్చింది. ఏటా ఆ రోజున ఇద్దరూ తిరుత్తణి పోయి వజ్రమ్మకు సాయం చేయాలి. సాయంత్రం కొండమీద స్వామికి పూలు పోస్తారు, దానికి కింద అంగళ్ళన్నీ పొద్దున్నుంచే పూలు బుట్టల్లోకి ఎత్తుతాయి. ఇద్దరూ లోకల్లో వచ్చి దిగారు. స్టేషను బయటికి వచ్చి రోడ్డెక్కగానే అలిమేలు నిలబడిపోయింది.

ఎదురుగా కరెంటు స్తంభాలకు కట్టిన ఇంత పెద్ద ఫ్లెక్సీ. ఒక పక్క నోరు తెరిచిన ఉడుము. ఇంకో పక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్న అలిమేలు. ఇద్దరి మొహాలూ ఒకే కొలత. మన తిరుత్తణి ఆడపడుచు మెచ్చిన సినిమా, షష్ఠి స్పెషల్, రోజూ నాలుగాటలు అని తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలు. కింద థియేటరు పేరు.

"అది నేనా మామా?" అంది.

రత్నస్వామి ఫ్లెక్సీ వైపు చూశాడు. ఎన్నేళ్ళు మైకు ముందు నిలబడినా తన మొహం ఒక అగ్గిపెట్టె మీద కూడా పడలేదు. ఈర్ష్య అంటే ఇంతని అతనికి అప్పటిదాకా తెలియదు. ఎండలో నిలబడ్డాడు గాని ఆ మంట ఎండది కాదు.

అలిమేలు మాత్రం ఫ్లెక్సీని వదిలి అతన్ని చూస్తోంది. "నవ్వుతా ఉండారని చెప్పినావే? నవ్వేదాన్ని ఎవురైనా ఇట్లా కడతారా?"

"ఇది... ఈ ఊరోళ్ళు కట్టుకున్నది. సొంతూరని."

ఆమె అంగడి దాకా అతనికన్నా నాలుగడుగులు ముందే నడిచింది. అక్కడ వజ్రమ్మ చామంతుల గుట్ట మధ్య కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "అదో, నా బిడ్డ" అని చూపిస్తోంది. అల్లుణ్ణి చూసి, "రా నాయినా. బిడ్డకు ఇంత పేరొస్తే ఒక మాట ఫోన్ చేసి చెప్పలేదే?" అంది. అతను బుట్ట ఎత్తి లోపల పెట్టే నెపంతో అటు తిరిగాడు.

అప్పుడే జనంలోంచి సోఫియా వచ్చింది, మైకు చేత్తో, కెమెరా మనిషి వెనక. కొండ దగ్గర షష్ఠి జనాన్ని తీయడానికి వచ్చిందట. అలిమేలును చూడగానే మొహం విప్పారింది. "అక్కా! జ్వరం తగ్గిపోయిందా? అన్న శానా సీరియస్‌గా చెప్పినాడు, మేము భయపడిపోయినాము. ఈ వీడియో కోసం మిమ్మల్ని ఎంత అడిగినామో తెలుసా!"

అలిమేలు ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తరవాత అర్థమైంది. ఆమె మొహంలో అది అర్థమవడం రత్నస్వామి దగ్గర్నుంచి చూశాడు. చేతిలో పూలబుట్టతో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు.

"జ్వరమా," అంది అలిమేలు మెల్లిగా. "ఆ. తగ్గిందమ్మా. ఇప్పుడే తగ్గింది."

సోఫియా మైకు పెట్టింది. జనం మూగారు. కొండమీద సాయంత్రం పూలు ఎలా పోస్తారో, తన చిన్నప్పుడు బుట్ట మోస్తూ మెట్లెక్కి నిద్రపోయిన సంగతీ అలిమేలు చెప్పింది. తెలుగులోనే చెప్పింది. చివర్లో సోఫియా నవ్వుతూ అడిగింది. "ఉడుమును సంపినారని అన్న చెప్పినాడే, ఇప్పుడేమంటాడక్కా?"

రత్నస్వామి బుట్టను మొహం దాకా ఎత్తుకున్నాడు. ఇప్పుడు ఒక్క మాట చాలు. జ్వరం సంగతి, చదివి వినిపించిన ఆ మూడు ముక్కల సంగతి ఆమె ఇక్కడ చెప్పిందంటే రేపు లోకల్లో మొహం ఎత్తలేడు.

అలిమేలు అతని వైపు చూసింది. "మా ఆయన ఆ పడం ఇంకా పూర్తిగా సూడలేదమ్మా. సూసినాక అడుగు."

జనం నవ్వారు. సోఫియా నవ్వింది. అతను బతికిపోయాడు. బతికిపోయినందుకు కూడా అతనికి ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ బతుకు ఆమె పెట్టింది.

సోఫియా వెళ్ళిపోయాక అలిమేలు చేతులు కడుక్కుని, "అమ్మా, సాయంత్రం బుట్టలు ఎత్తేలోపు వచ్చేస్తాము" అంది. అతనితో "రా" అని మాత్రం అంది. థియేటరు బజారు వీధిలోనే. గేటు దగ్గర టికెట్లు చింపేవాడు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "మీకు టికెట్టా అక్కా! రండి" అని ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయి మంచి సీట్లు చూపించాడు. రత్నస్వామి ఆమె వెనక, ఆమె సామాను మోసేవాడిలా నడిచాడు. సినిమా మొదలైంది. అతను తెర చూశాడో, ఆమె చేతి గాజులు చూశాడో చెప్పడం కష్టం.

ఉడుము ఓడరేవులోకి వచ్చింది. ఓడలు చిత్తవుతున్నాయి. రత్నస్వామి కాళ్ళు వాటంతట అవే చెప్పులు వెతుక్కున్నాయి. ఇక్కడ గేటు దగ్గర మైకు లేదు, తొందర లేదు. అయినా సగం లేచేశాడు.

"యాడికి?"

"ఊరికే. కాళ్ళు తిమ్మిరి."

"కూసో."

కూర్చున్నాడు. తెర మీద మిసైళ్ళు వచ్చాయి. ఒకటి, రెండు, పది. ఉడుము ఒరిగి, పెద్ద మేడ ఒకటి కింద వేసుకుని కూలిపోయింది. రత్నస్వామికి ప్రాణం లేచివచ్చింది. తాను చెప్పింది ఇదే కదా! "సూస్తివా!" అన్నాడు ఆగలేక.

"ఉండు" అంది అలిమేలు.

పొగ తేలిపోయాక ఉడుము లేచింది. ముందుకన్నా పెద్ద కోపంతో లేచింది. ఆ తరవాత జరిగిందంతా అతనికి కొత్త. ముసలివాళ్ళు గట్టు దిగి వచ్చారు. ఫిరంగులు ఆగాయి. తెల్ల చామంతులు ఒక్కొక్కటీ నీళ్ళమీద తేలి, తేలి, సముద్రమంతా తెల్లబడింది. ఉడుము తల వంచి వాసన చూసింది. ఎవరినో వెతుకుతున్నట్టు ఆ పూలనన్నిటినీ చూసి, మెల్లిగా వాటి కిందికి దిగిపోయింది. హాల్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఇన్ని రోజులుగా ఊరూరా జనం చూసింది ఇదన్నమాట, తానొక్కడే చూడనిది. ఎన్ని సినిమాల్లో ఇలా ఎన్నెన్ని వదిలేసి బైకుల మధ్య నిలబడ్డాడో తలుచుకుంటే అతనికి ఏదోలా అయింది.

దీపాలు వెలిగాయి. జనం లేచి పోతున్నారు. అలిమేలు లేవలేదు. ఇటు తిరిగి కూర్చుని, పిడికిలి బిగించి, మైకులా అతని మూతి ముందు పెట్టింది.

"ఇప్పుడు చెప్పు. పడం ఎట్లుండాది?"

రత్నస్వామి అలవాటుగా కాలరు మీదికి చెయ్యి పోనిచ్చి, మానేశాడు. గొంతు సవరించుకున్నాడు. తమిళం రాలేదు.

"బాగుండాది" అన్నాడు. "కానీ నువ్వు చెప్పినంత బాగా లేదు."

ఆ పొగడ్త అతని నోట్లోంచి కుళ్ళుకుంటూనే వచ్చింది. కానీ నిజంగా వచ్చింది. ఆ పూలు తెర మీద చూస్తే బొమ్మపూల్లా ఉన్నాయి. గేటు దగ్గర ఆమె చెప్పినప్పుడు వాసన వచ్చింది. ఆ రోజు వీడియోలో విన్నప్పుడే అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసే అంత మండింది.

అలిమేలు నవ్వలేదు. పిడికిలి దించలేదు.

"సరే. నా జ్వరం సంగతి చెప్పు."

అతను తలుపు వైపు చూశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది, ఊడ్చేవాడు కూడా ఇంకా రాలేదు. లేచిపోతే అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు.

"నాకు ఓర్చుకునేదానికి కాలేదు అలిమేలూ" అని మొదలుపెట్టాడు. రైల్లో నటరాజు మాట దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఫోన్లో ఏమేమి దాటేసి ఏవి ఏరాడో చెప్పాడు. సోఫియా అసలు ఏమని అడిగిందో, తాను దాన్ని ఏమని మార్చాడో చెప్పాడు. ఆమె వీధిలో తెలుగు మానేసినప్పుడు తనకు హాయిగా ఉండిందని చెప్పేచోట అతని చూపు చెప్పుల మీదికి దిగింది. అలిమేలు పిడికిలి ఇంకొంచెం దగ్గరికి జరిపింది. కొండకు బుట్టలు ఎత్తే వేళ అవుతోంది, అయినా ఆమె తొందరపెట్టలేదు. రత్నస్వామి సీట్లోంచి కదలకుండా, చివరిదాకా చెప్పాడు.